బోర్డు మీద ఒక పేరు, నోట్లో ఇంకో పేరు: ఇంగ్లండ్ పబ్బుల వెంట

మంగళవారం, వెస్ట్ బ్రామ్విచ్

మా తమ్ముడు బర్మింగ్‌హామ్‌లో స్థిరపడి చాలా కాలమైంది. ఆఫీసు వాళ్ళతో వెళ్ళొచ్చిన ఒక పబ్ గురించి ఫోన్లో ఎప్పుడు చెప్పినా దాన్ని "బుల్ అండ్ బ్లాడర్" అనేవాడు. ఎద్దు, మూత్రాశయం. అలాంటి పేరు పెట్టి ఎవడైనా వ్యాపారం చేస్తాడట్రా అని నేను, నమ్మకపోతే వచ్చి చూడమని వాడు. ఈస్టర్ అయిన వారంలో వెళ్ళడం కుదిరింది కాబట్టి ముందు దాని సంగతే తేల్చుకుందామనుకున్నాను.

"బోర్డు మీద మాత్రం ద వైన్ అని ఉంటుంది అన్నయ్యా. వైన్ అంటే ద్రాక్షతీగ, నువ్వనుకునే వైన్ కాదు" అంటూ తమ్ముడు ఫోన్లో ఆ పేరే కొట్టి ట్యాక్సీ పిలిచాడు. మరదలు కూడా బయల్దేరింది. దిగి చూస్తే బోర్డు మీద ద వైన్ అనే ఉంది. ఫుట్‌బాల్ స్టేడియానికి దగ్గర్లో ఓ చిన్న పబ్. కానీ తలుపు తీయగానే బొగ్గుల మీద కాలుతున్న చికెన్ వాసన, దాని వెనకే జీలకర్ర, కసూరీ మేతి.

"ఇది కాదే!" అన్నాడు తమ్ముడు.

వాడు చెప్పే వైన్ బ్రయర్లీ హిల్‌లో ఉంది. మేం దిగింది వెస్ట్ బ్రామ్విచ్ వైన్ దగ్గర. ఈ చుట్టుపక్కల దీన్ని "సుకీస్" అంటారు, యజమానిని పిలిచే పేరు మీద. ట్యాక్సీ అబ్బాయికి బుల్ అండ్ బ్లాడర్ అని చెప్పి ఉంటే నేరుగా అక్కడే దింపేవాడు. బోర్డు మీద పేరు చెప్పినందుకు ఇటు వచ్చిపడ్డాం.

వచ్చినందుకు నాకేం బాధ కలగలేదు. ముందు భాగం పాతకాలపు పబ్బే, చెక్క కౌంటర్, బీరు పంపులు అన్నీ ఉన్నాయి. వెనక హాల్లో మాత్రం కళ్ళెదుటే బొగ్గుల పొయ్యి, దాని మీద వరసగా ఊచలు. ల్యాంబ్ చాప్స్, సీక్ కబాబ్, చికెన్ టిక్కా కలిపి ఇనప పళ్ళెంలో సుయ్‌మని వస్తాయి, కింద వేగిన ఉల్లిపాయలు. చాప్స్ అంచులు కొద్దిగా మాడాయి. నా లెక్కన అలా మాడితేనే చాప్స్. మరదలికి పనీర్ టిక్కా. పక్క బల్ల దగ్గర ఫుట్‌బాల్ స్కార్ఫులు వేసుకున్న తెల్లాయనలు నలుగురు నాన్ తుంచుకుని పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటున్నారు. ముగ్గురం కడుపు నిండా తిని, రెండు పైంట్లు తాగితే నలభై పౌండ్ల దగ్గర తేలింది. సిటీ సెంటర్లో ఆ డబ్బుకి ఇద్దరికి కూడా సరిపోదని తమ్ముడన్నాడు.

వీటిని దేశీ పబ్బులంటారు. ఇవి పుట్టుకొచ్చిన తీరు తిండి కన్నా ఘాటైన కథ. పక్కనే స్మెథిక్ ఉంది. 1960ల్లో అక్కడి కొన్ని పబ్బుల్లో తెల్లవాళ్ళు కూర్చునే గదిలోకి మనవాళ్ళనీ నల్లవాళ్ళనీ రానిచ్చేవారు కాదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దాని మీద పోరాడింది. వాళ్ళు పిలిస్తేనే 1965 ఫిబ్రవరి 12న, అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చి మార్షల్ స్ట్రీట్‌లో నడిచాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులకే న్యూయార్క్‌లో ఆయన్ని కాల్చి చంపారు. బహిరంగ ప్రదేశాల్లో ఇలాంటి వివక్ష కూడదంటూ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఫౌండ్రీల్లో, అంటే ఇనుము పోతపోసే కార్ఖానాల్లో డ్యూటీ దిగి వచ్చి, తాగడానికి కూర్చునే చోటు కూడా దొరకని ఆ తరం తర్వాత, వాళ్ళ పిల్లలూ బంధువులూ మూతపడే స్థితిలో ఉన్న పబ్బులు తీసుకుని నడపడం మొదలుపెట్టారు. పేర్లు మాత్రం ముట్టుకోలేదు. తిరిగి వస్తూ వెస్ట్ బ్రామ్విచ్‌లోనే రెడ్ లయన్ అనే ఇంకో దేశీ పబ్‌లోకి తొంగి చూశాం. బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ పబ్బులకున్న పేరు అదేనంటారు. దాని కిటికీకి చర్చిల్లో ఉండేలాంటి రంగుటద్దాలు బిగించి, పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళ కథంతా అందులో బొమ్మలుగా గీయించారు. సెయింట్లుండాల్సిన చోట తలపాగాలు పెట్టుకున్న ఫౌండ్రీ కూలీలు. నాకది బాగా నచ్చింది.

బుధవారం, బ్రయర్లీ హిల్, నెదర్టన్

ఈసారి మ్యాప్ జోలికి పోలేదు. బస్సెక్కి డ్రైవర్‌ని "బుల్ అండ్ బ్లాడర్" అని అడిగాం. తల కూడా తిప్పకుండా "నేను చెప్తాలే, కూర్చో బాబ్" అన్నాడు. మగా ఆడా చూడరు, ఇక్కడ అందరూ బాబే. బొగ్గు గనులు, ఇనప కొలుములు, గొలుసులు చేసే కార్ఖానాల పొగతో ఒకప్పుడు నల్లబడి ఉండేదట ఈ ప్రాంతం. బ్లాక్ కంట్రీ అన్న పేరు అలా వచ్చిందంటారు. కొలిమి ముందు రోజంతా చెమటోడ్చి వచ్చేవాడికి పబ్ అంటే సరదా కాదు, దాహం.

ద వైన్ డెల్ఫ్ రోడ్డు మీద ఉంది. వెనకే బాథమ్స్ వాళ్ళ బ్రూవరీ. ఆ కుటుంబం 1877 నుంచీ బీరు కాస్తోంది. పబ్ ముఖం మీద పై నుంచి ఈ చివర నుంచి ఆ చివరకి పెద్ద అక్షరాలతో షేక్స్‌పియర్ నాటకంలోని ఒక మాట రాయించారు, మంచి బీరు కాస్తావయ్యా, నీ మనసు చల్లగుండ అన్న అర్థంలో. బీరమ్మేవాడికి ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది?

లోపల చిన్న చిన్న గదులు. మధ్యాహ్నం పన్నెండున్నరకే ముందు గది నిండిపోయింది. అందరూ అరవై దాటినవాళ్ళే. కౌంటర్ దగ్గర క్యూ అంటూ ఉండదు, కానీ ఎవరు ఎవరి తర్వాత వచ్చారో పోసే ఆవిడకి లెక్క ఉంటుంది. చెయ్యి ఊపడం, నోటు చూపించడం చాలా అమర్యాద. కళ్ళు కలిపి ఊరుకోవాలి. నా పక్కన నిలబడ్డ ముసలాయన, తన వంతు వచ్చినా నన్ను చూపించి "ఈయన ముందొచ్చాడు" అన్నాడు. ఆయన్నే అడిగాను, ఈ మూత్రాశయం కథేంటని.

"ఇక్కడ కబేళా ఉండేది. ఇటు మాంసం కొట్టు, అటు బీరు. ఇంకేం పేరొస్తుంది?" అన్నాడు. ద వైన్ అని ఎవరైనా అంటారా అని అడిగితే కాసేపు ఆలోచించి, "మున్సిపాలిటీ వాళ్ళు" అన్నాడు.

ఇక్కడి బీర్లు రెండు రకాలు, బిటర్, మైల్డ్. బిటర్ బంగారు రంగులో ఉంది, మొదటి గుక్కలో కాస్త తియ్యగా తగిలి చివర్లో చేదు. మైల్డ్ నల్లగా ఉంటుంది కానీ తేలిక. పైంట్ నాలుగు పౌండ్ల చిల్లర. నేను హాఫ్‌తో సరిపెట్టుకున్నాను, తాగేది బీరు కోసం కాదు కదా, కూర్చోడానికి. తిండి విషయానికొస్తే, కౌంటర్ మీద అద్దాల పెట్టెలో కాబ్‌లు పేర్చి ఉన్నాయి. కాబ్ అంటే గుండ్రటి బన్ను. పైన గట్టిగా, చేత్తో నొక్కితే పటపటమనేలా ఉంటుంది. మధ్యకి కోసి, వేలి మందం చెడ్డర్ చీజ్ ముక్క, దాని మీద అంతే మందంగా పచ్చి ఉల్లిపాయ చక్రం. వెన్న తప్ప ఇంకేం లేదు. సాస్ అడిగితే పోసే ఆవిడ నన్ను జాలిగా చూసింది. మొదటి కొరుకుడికి ఉల్లిపాయ ఘాటు ముక్కులోకి ఎక్కింది, వెంటనే చీజ్ వచ్చి సర్దింది. మరదలు ఒకటి తిని ఇంకోటి ఇంటికి కట్టించుకుంది. రేటు కూడా మన టిఫిన్ సెంటర్ రేటే అనిపించింది, రెండు పౌండ్ల పైన కొద్దిగా.

సాయంత్రం నెదర్టన్ వెళ్ళాం. టైటానిక్ లంగర్ తయారైన ఊరు. 1911లో దాన్ని బండి మీదకెక్కించి ఇరవై గుర్రాలు డడ్లీ రైల్వే స్టేషన్ దాకా లాక్కెళ్ళాయి. అక్కడి ఓల్డ్ స్వాన్ పబ్‌ని ఊరంతా "మా పార్డోస్" అంటుంది. మా అంటే అమ్మే. డోరిస్ పార్డో అనే ఆవిడ భర్తతో కలిసి నడపడం మొదలుపెట్టి, ఆయన పోయాక కూడా దశాబ్దాల తరబడి ఆ పబ్‌ని నడిపింది. బీరు ఇంటి వెనకే కాసేది. 1970ల మొదట్లో ఇలా సొంతంగా బీరు కాచుకునే పబ్బులు బ్రిటన్ మొత్తంలో నాలుగే మిగిలితే, అందులో ఇదొకటి. పెద్ద కంపెనీలు దేశమంతా ఒకే రుచి పోస్తున్న రోజుల్లో, పాత పద్ధతి బీరుని కాపాడాలని 1971లో పుట్టిన కామ్రా అనే సంఘం వాళ్ళకి ఇలాంటివి పుణ్యక్షేత్రాలు. ఆవిడ 1984లో పోయింది. పేరు పోలేదు. చివరికి పబ్ వాళ్ళే దిగొచ్చి ఆవిడ పేరుని కూడా బోర్డుకెక్కించారు.

తలెత్తితే కప్పంతా ఎనామిల్ రేకులు, వాటి మధ్యలో పెద్ద హంస. గది నడుమ పాత ఇనప పొయ్యి. దాని పక్కన కుర్చీలో కునుకు తీస్తున్న ఓ పెద్దాయన కాళ్ళు దాటుకుని వెళ్ళాల్సి వచ్చింది, ఎవరూ ఆయన్ని లేపలేదు. బయటికొస్తుంటే లోపల్నుంచి ఎవరో "టరా ఎ బిట్" అని కేకేశారు. వెళ్ళొస్తామని చెప్పడం ఇక్కడ ఇలాగే.

గురువారం, హిమ్లీ మీదుగా నాటింగ్‌హామ్

హిమ్లీలో చూడ్డానికేం లేదు. అయినా తమ్ముడు అటు నుంచే కారు పోనిచ్చాడు. 1765లో కట్టిన ఓ ఫామ్‌హౌస్ ఉండేది అక్కడ. కింద బొగ్గు తవ్వేయడంతో ఒక పక్క నాలుగడుగులు కుంగింది. అలాగే పబ్ చేశారు. స్థలం యజమాని వంశం పేరు మీద గ్లిన్ ఆర్మ్స్ అని గౌరవంగా బోర్డు పెట్టారు. జనం మాత్రం "క్రూకెడ్ హౌస్" అన్నారు, వంకర కొంప. ఇంకా పాత యాసలో "సైడెన్ హౌస్". కాలక్రమంలో గ్లిన్ దొర పేరు పోయి వంకర కొంపే అసలు పేరైంది. లోపల బల్ల మీద గోళీ వదిలితే పల్లం వదిలి మిట్టకి దొర్లుతున్నట్టు కనిపించేదట. తమ్ముడు ఒకసారి చూశాడు. 2023 ఆగస్టు 5 రాత్రి అగ్నిప్రమాదం, ఇంకో రెండ్రోజులకి మొత్తం పడగొట్టేశారు. మళ్ళీ ఉన్నది ఉన్నట్టు కట్టితీరాలని 2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ నోటీసిచ్చింది. వంకర ఇల్లుని వంకరగానే కట్టమని సర్కారు ఆర్డరు వెయ్యడం నేనెక్కడా వినలేదు. కట్టే మేస్త్రీకి టెన్షన్ మామూలుగా ఉండదు.

నాటింగ్‌హామ్‌లో కోట కింద ఎర్ర ఇసకరాతి కొండలోకి చొచ్చుకుని ఉంటుంది యే ఓల్డ్ ట్రిప్ టు జెరూసలెం. గోడ మీద క్రీ.శ. 1189 అని రాసుకున్నారు. రిచర్డ్ ద లయన్‌హార్ట్ గద్దెనెక్కిన ఏడాది, జెరూసలెం కోసం జరిగిన క్రూసేడ్లనే మతయుద్ధాలకి పోయేవాళ్ళు ఇక్కడ తాగి బయల్దేరారని కథ. ఇంగ్లండ్‌లో అతి పాత పబ్ తమదేనంటారు. ఇదే ఊళ్ళో బెల్ ఇన్ వాళ్ళూ, సాల్యుటేషన్ వాళ్ళూ కూడా అదే మాటంటారు. కట్టడం చూస్తే 17వ శతాబ్దానిది, పేరైతే ఇంకా తర్వాతది. అంతకుముందు ద పిల్‌గ్రిమ్ అనేవారు. ఇంత పొడుగు పేరునీ ఊరివాళ్ళు "ట్రిప్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సాల్యుటేషన్ "సాల్". గాబ్రియేల్ దేవదూత మేరీకి నమస్కరించే బొమ్మ దాని పాత గుర్తు. రాజు లేకుండా క్రామ్‌వెల్ ఏలిన కాలంలో అలాంటి మతం బొమ్మలు పనికిరావనడంతో సోల్జర్ అండ్ సిటిజన్ అని మార్చుకుని, రాజు తిరిగొచ్చాక మళ్ళీ పాత పేరే పెట్టుకున్నారట. వ్యాపారం అన్నాక గాలి చూసుకోవాలి మరి.

ట్రిప్‌లో పై గది గోడలు, కప్పు అన్నీ కొండే. కూర్చున్న పది నిమిషాలకి నా గ్లాసు పక్కన సన్నటి ఇసక రాలింది. ఒక అద్దాల పెట్టెలో ఓడ బొమ్మ ఉంది, దుమ్ము పేరుకుని తెరచాపలు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు. దాన్ని తుడిచిన ముగ్గురూ పోయారని, అప్పట్నుంచీ ఎవరూ ముట్టుకోరని చెప్పారు. ఇంకో మూల పాత చెక్క కుర్చీ. అందులో కూర్చుంటే గర్భం వస్తుందని నమ్మకం. మరదలికి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ అల్లరి పిడుగులే. బోర్డు చదివిన వెంటనే "బావగారూ, మనం ఆ పక్క గదిలో కూర్చుందామా" అని గ్లాసు తీసుకుని లేచింది.

గోడకి ఎద్దు కొమ్ము బిగించి ఉంది. తాడుకి వేలాడే రింగుని ఊపి దానికి తగిలించాలి. పొద్దుట్నుంచీ అదే పనిలో ఉన్న ఒకాయన నాకు పాఠం చెప్పాడు, కొమ్ము వైపు కాదు, పక్కకి వదలాలట. నాకు పడలేదు. తమ్ముడికి పడింది, బర్మింగ్‌హామ్ దాకా అదే గొడవ.

ఈ బోర్డుల వెనక ఒక రాజాజ్ఞ ఉంది. 1393లో రెండో రిచర్డ్, బీరు అమ్మే ప్రతివాడూ గుమ్మం ముందు గుర్తు వేలాడదీయాల్సిందే అన్నాడు. బీరు నాణ్యత చూసే అధికారికి ఇల్లు తెలియాలి కదా. చదువు రాని జనానికి అక్షరాలు ఎందుకు, బొమ్మ చాలు. తెల్ల జింక రిచర్డ్ సొంత గుర్తు. అందుకే ఇప్పటికీ ఎక్కడ చూసినా వైట్ హార్ట్‌లే, హార్ట్ అంటే గుండె కాదు, మగ జింక. రాజుల పేర్లు, సింహాలు, దొరల బిరుదులు ఇలా పైనుంచి వచ్చాయి. జనం పెట్టినవి వేరు. మధ్యలో మూడో రకం ఒకటి తయారైంది. 1980ల నుంచి కంపెనీలు కూర్చుని కనిపెట్టిన స్లగ్ అండ్ లెట్యూస్ (గుల్లలేని నత్త, సలాడ్ ఆకు) లాంటివి. నవ్వించాలని పెట్టిన పేరుకి నవ్వు రాదు. ఊరూరా అదే పేరు కనిపిస్తే అసలే రాదు.

శుక్రవారం, స్టేలీబ్రిడ్జ్

మాంచెస్టర్ దాటి రైలు దిగితే ప్లాట్‌ఫారం మీదే పబ్. బఫే బార్ అంటారు, 1885 నాటిది. వాన దంచేస్తోంది, ఊళ్ళోకి వెళ్ళే పరిస్థితి లేదు. బ్రిటన్‌లో అతి పొడుగు పేరున్న పబ్, అతి పొట్టి పేరున్న పబ్ రెండూ ఈ చిన్న ఊళ్ళోవేనని చెప్పుకునేవారు. పొట్టిది క్యూ (Q). ఒకటే అక్షరం. పొడుగుది ది ఓల్డ్ థర్టీన్త్ చెషైర్ ఆస్ట్లీ వాలంటీర్ రైఫిల్‌మన్ కోర్ ఇన్, ఇంగ్లీషులో 55 అక్షరాలు. ఇది మూతపడిందని కౌంటర్ వెనక అమ్మాయి చెప్పింది. ఊళ్ళో దాన్ని రైఫిల్‌మన్ అనేవారట. దాహంతో ఉన్నవాడు అంతకన్నా ఎక్కువ మాట్లాడడు.

ఆ అమ్మాయే ఇంకో కథ చెప్పింది. ఇక్కడికి కొన్ని మైళ్ళ అవతల ప్రెస్ట్‌విచ్ దగ్గర ఓ పబ్. పేరు సెవెన్ స్టార్స్. బోర్డు వెలిసిపోతే కొత్తగా రాయడానికి పెయింటర్ వచ్చాడు. ఏం రాయమంటారని అడిగితే యజమాని "ద సేమ్ యెట్" అన్నాడు, ఇప్పుడున్నదే అని. పెయింటర్ బుద్ధిగా అదే రాసి నిచ్చెన దిగాడు. పబ్ ఈనాటికీ సేమ్ యెట్టే.

తినడానికి బ్లాక్ పీస్ తెప్పించుకున్నాం. నల్లటి బఠానీల్ని రాత్రంతా నానబెట్టి, మెత్తగా పులుసుతో సహా ఉడికించి కప్పులో పోసిస్తారు. పైన వెనిగర్ మనమే పోసుకోవాలి. దసరాకి అమ్మ చేసే గుగ్గిళ్ళకి తాలింపు మర్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. నేను వెనిగర్ ఇంకాస్త పోసి, టేబుల్ మీది మిరియాల పొడి దులిపాను, అప్పుడు లేచింది. ఇరానీ హోటల్ చాయ్‌కన్నా కొద్దిగా ఎక్కువ పరిమాణం, మూడు పౌండ్ల లోపే. చలికి, వానకి, రైలు కోసం ఎదురుచూపుకి సరిగ్గా సరిపోయే తిండి.

శనివారం, లండన్

కోవెంట్ గార్డెన్ వెనక సందులో ల్యాంబ్ అండ్ ఫ్లాగ్ ఉంది. గొర్రెపిల్ల, జెండా. సాధువులా ఉన్న ఈ పేరుని ఒకప్పటి జనం "బకెట్ ఆఫ్ బ్లడ్" చేశారు. పై గదిలో డబ్బు పందెం మీద చేతులకి ఏమీ లేకుండా పిడిగుద్దుల పోటీలు జరిగేవి. పక్కనే ఉన్న సందులో 1679లో కవి డ్రైడన్‌ని కిరాయి గూండాలు చావబాదారు. ఇప్పుడా రక్తపు బకెట్ కథ టూరిస్టులకి చెప్పే ముచ్చట. పక్క వీధిలో ఇద్దరు ముగ్గుర్ని ఆ పేరుతో దారడిగితే వెర్రివాణ్ణి చూసినట్టు చూశారు. జనం నోట్లోంచి జారి చరిత్రలోకి వెళ్ళిన పేరుతో దారి దొరకదు. పైంట్ ఏడు పౌండ్లు. బ్రయర్లీ హిల్ ముసలాయనకి చెప్తే నమ్మడు.

తూర్పు లండన్‌లో డెవన్స్ రోడ్ స్టేషన్ దిగి, మూలనున్న కిరాణా కొట్టులో విడోస్ సన్ ఎక్కడని అడిగాం. కొట్టాయన బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మనిషి. "బన్ హౌసా?" అని చెయ్యెత్తి చూపించాడు. ఇక్కడ పేరు ఇంకా బతికే ఉంది.

కథ ఇది. ఆ చోట ఒక వితంతువు ఇల్లుండేది. ఒక్కగానొక్క కొడుకు ఓడ మీద పోతూ, ఈస్టర్‌కి వస్తాను, నాకో హాట్ క్రాస్ బన్ దాచమన్నాడు. రాలేదు. ఆవిడ ఏటా గుడ్ ఫ్రైడేకి కొత్త బన్ను దాస్తూనే పోయింది. ఆవిడ పోయాక ఇంటి దూలానికి వేలాడుతూ ఆ బన్నులన్నీ కనిపించాయట. 1848లో కట్టిన పబ్‌కి వితంతువు కొడుకని ఆ కథ పేరే పెట్టారు. గుడ్ ఫ్రైడే నాడు నేవీ మనుషులు వచ్చి వలలో కొత్త బన్ను వెయ్యడం ఆనవాయితీ. మేం వెళ్ళేసరికి ఆ ముచ్చట అయిపోయింది. బార్ పైన వల వేలాడుతోంది, అందులో ఎండి నల్లబడి రాళ్ళలా తయారైన బన్నులు, వాటి మీద దుమ్ము, పైన ఒక్కటి మాత్రం కొత్తగా గోధుమ రంగులో. ఎలకలు రావా అని మరదలు అడిగితే, "వాటికీ రుచి తెలుసు" అంది పోసే ఆవిడ.

బయటికొచ్చి మళ్ళీ కిరాణా కొట్టుకే వెళ్ళాం. పండగ మిగులు హాట్ క్రాస్ బన్నులు, నాలుగు పౌండుకి. కొట్టాయన టోస్ట్ చేసి తినమన్నాడు, మేం రైల్లో చల్లగానే తిన్నాం. దాల్చినచెక్క, ఎండుద్రాక్ష, పైన పిండితో గీసిన శిలువ. ఒకటి మిగిలితే మర్నాడు ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ క్యూలో నిలబడి అది కూడా లాగించేశాను.